ఎదురుగోడ అద్దం

ఫిబ్రవరి 6

బావా,

బదులు చెప్పకుండా ఊరు దాటనని నువ్వు నాకు మాట ఇచ్చావు. నీ కళ్ళజోళ్ళ కొట్టులో, జనం కళ్ళు చూపించుకునే ఎత్తు కుర్చీ మీద చెయ్యి వేసి మరీ ఇచ్చావు. మర్నాడు పొద్దున్నే నేను వచ్చేసరికి తలుపుకి తాళం. కిటికీలోంచి చూస్తే బీరువాలు లేవు, కటకాల పెట్టె లేదు, మా అక్క కూర్చునే పీట కూడా లేదు. ఎదురుగోడ మీద అద్దం ఉన్నంత మేర తెల్లటి చదరం మిగిలింది. నలభై ఏళ్ళయింది. జుట్టు రాలింది, పళ్ళు రాలాయి, ఆ చదరం మాత్రం నా కళ్ళలోంచి రాలలేదు.

ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళకీ చావులకీ తలో రెండు ముక్కలు రాసుకున్నాం. ఇప్పుడు ఉన్నట్టుండి నాలుగు పేజీలు రాశావు. అక్క మోకాళ్ళ నొప్పి, మీ అమ్మాయి వ్యాపారం, చివర్లో "కొట్టు పైగది ఖాళీగా ఉంది, వచ్చి మా దగ్గరుండు" అని. బదులు ఊసు ఎక్కడా లేదు. నిన్ను "మీరు" అనమని అక్క చిన్నప్పటి నుంచీ నన్ను పోరింది. బదులు వచ్చిన రోజున అంటాను.

మరిచిపోయి ఉంటావు, గుర్తు చేస్తున్నాను. ఆ గది పొట్టిది. అక్షరాల పటం దూరంగా పెట్టే చోటు లేక, కుర్చీ వెనక తలపైన తగిలించి, ఎదురుగోడకి అద్దం పెట్టావు. పటంలో అక్షరాలు తిరగేసి ఉంటాయి, అద్దంలో సరిగ్గా కనిపిస్తాయి. దాన్ని చూపించే మనం వాదం మొదలెట్టాం. నేను అద్వైతిని. అద్దంలో అక్షరం గోడ మీది అక్షరమే, వేరనిపించడం అద్దం చేసే మాయ, జీవుడూ బ్రహ్మమూ కూడా అలాగే ఒకటి అన్నాను. నువ్వు ద్వైతివి. గోడ మీద లేకపోతే అద్దంలో ఉండదు, అద్దంలో లేకపోయినా గోడ మీద ఉంటుంది, అలాంటప్పుడు రెండూ ఒకటెలా అవుతాయి, జీవుడు దేవుడి ప్రతిబింబమే తప్ప దేవుడు కాడు అన్నావు. సరే, అద్దం తీసేస్తే నీ ప్రతిబింబం ఏమైంది, నీ జీవుడు నశించాడా అని నేను అడిగాను. రేపు చెప్తానన్నావు. చెప్పకుండా ఊరు దాటనన్నావు.

నా సంగతంటావా, దివ్యంగా ఉన్నాను. కోర్టు మానేశాక చదవడానికి తీరిక దొరికింది, తిట్టడానికి మనుషులూ దొరికారు. మొన్న గ్రంథాలయం హాల్లో ఒకాయన శాలువా కప్పుకుని అన్ని దారులూ ఒకటేనని గంటసేపు తేనె పోశాడు. నేను లేచి మైకు అందుకున్నాను. "అయ్యా, జగత్తుకి దేవుడి అవసరమే లేదని సాంఖ్యుడు అంటాడు. కర్మ చేయి, ఫలం అదే వస్తుంది, సృష్టికర్తతో పని లేదని మీమాంసకుడు అంటాడు. దేవుడూ జీవుడూ ఎన్నటికీ వేరని ద్వైతి అంటాడు. ఈ ముగ్గురూ ఒకే మాట చెప్పారా అని వాళ్ళనెవరైనా అడిగారా?" అన్నాను. మైకు లాక్కున్నారు. వందల ఏళ్ళు ఒకళ్ళనొకళ్ళు చీల్చి చెండాడుకున్న మహానుభావుల్ని ఇలా ఒకే సంచిలో వేసి మూతి కట్టేవాణ్ణి నేను క్షమించను.

కాబట్టి షరతు. వాదం పూర్తి చేద్దాం. ఫోనులో కుదరదు, నోటి మాటకి సంతకం ఉండదు. పద్ధతి పాతదే. ఎదుటివాడి పక్షాన్ని ముందు చెప్పాలి. "అవును, నేననేది ఇదే, నాకంటే బాగా చెప్పావు" అని వాడి చేత అనిపించుకోవాలి. అది పూర్వపక్షం. ఆ తర్వాతే ఖండన. నేను ఓడితే పుస్తకాలతో సహా నీ పైగదికి వస్తాను. నువ్వు ఓడితే జన్మలో మళ్ళీ నన్ను రమ్మని పిలవకూడదు.

ఓటమి ముఖం చూడని నీ బావమరిది


ఫిబ్రవరి 15

ప్లీడరు బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అక్క కొట్టులోనే పైకి చదివింది. కుర్చీలో ఒకావిడ పరీక్ష ఫ్రేము పెట్టుకుని ఉంది. చదవడం అయ్యాక "తర్వాతేమైందండీ?" అంది. కళ్ళ సంగతి ఇద్దరం మరిచిపోయాం.

షరతు ఒప్పుకున్నాను. మీ అక్క మాత్రం ఒప్పుకోలేదు. "వాడికి అన్నం తినడానికి కూడా ఎదుటి పార్టీ కావాలా?" అంది. ఆవిడ కోపంలో ఉన్నప్పుడు మా ఇంట్లో ద్వైతమూ ఉండదు, అద్వైతమూ ఉండదు, అంతా శాక్తమే.

కొట్టు ఇప్పుడు మా అమ్మాయి చూసుకుంటోంది. ఫ్రేముల్ని లోహం, ప్లాస్టిక్, గుండ్రం, పలక, పిల్లలవి, పెద్దలవి అని ఎక్కడివక్కడ విడగొట్టి సొరుగులకి చీటీలు అంటించింది. లోకంలో ఉన్నదాన్నంతా పదార్థాలుగా విడగొట్టి, దేని ప్రత్యేకత దానికి చూపించిన వైశేషికులు చూస్తే ముచ్చటపడి ఉండేవారు. రోజూ ఎవరో ఒక జంట వస్తారు. భార్య ఇరవై ఫ్రేములు పెట్టుకుని చూసుకుంటుంది, తీస్తుంది, తిరుగుతుంది. భర్త బల్ల మీద కూర్చుని కదలకుండా చూస్తుంటాడు. ప్రకృతి ఆడుతుంది, పురుషుడు చూస్తాడు. ఇంత చక్కటి సాంఖ్యం నీ పుస్తకాల్లో కూడా లేదు.

మీ అక్క పక్షం నీకు తెలుసా? తన పుట్టింటి స్మార్తమూ కాదు, అత్తింటి ద్వైతమూ కాదు. విశిష్టాద్వైతం అంటుంది. లోకమూ జీవులూ దేవుడికి శరీరం, వేరూ కాదు, ఒకటీ కాదు అని. అందులోనూ పిల్లి పక్షం. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూన ఏమీ చేయనక్కర్లేదు, తల్లే మెడ పట్టి తీసుకుపోతుంది. రక్షించడం దేవుడి పని, పడి ఉండడం మన పని అంటుంది. అన్న తర్వాత నన్ను ఒక్క క్షణం పడి ఉండనివ్వదు, అది వేరే సంగతి.

ఇక నీ పక్షం. నేను చెప్తాను, సరిగ్గా ఉందో లేదో చూడు.

నా కటకాల పెట్టెలో ఒక పట్టకం ఉంది. అది కంటికి అడ్డం పెడితే ఒక దీపం రెండుగా కనిపిస్తుంది. కుర్చీలో మనిషి రెండు దీపాలున్నాయని ఒట్టేసి చెప్తాడు. నేను వెళ్ళి రెండో దీపాన్ని ఆర్పను. లేనిదాన్ని ఆర్పడమెలా? పట్టకం తీస్తాను, అంతే. రెండోది చావలేదు, ఎక్కడికీ పోలేదు. ఎప్పుడూ ఒకటే ఉందని మనిషికి తెలిసింది. మోక్షమంటే అదే. పూజ వల్ల వచ్చేది కాదు, పని వల్ల వచ్చేది కాదు. చూపు సరిపడడం. అద్దం తీస్తే ప్రతిబింబం ఎక్కడికి పోయిందని అడిగావు. ఎక్కడికీ పోదు, పోవడానికి అది ఎక్కడి నుంచీ రాలేదు.

ఇంతేనా నీ మాట?

పైగదిలో గోడ పొడవునా అరలు చేయించాం. ఎన్ని పుస్తకాలున్నాయో తెలియక మీ అక్క నీ కోపాన్ని బట్టి కొలత చెప్పింది.

అద్దాల బావ


ఫిబ్రవరి 24

బావా,

పద్ధతి ప్రకారం ముందు అనవలసిన మాట అంటున్నాను. అవును, నేననేది అదే. నాకంటే బాగా చెప్పావు. అనడానికి నాకెంత కష్టమైందో నీకు తెలుసు. లేనిదాన్ని ఆర్పడమెలా అన్న మాట చదివి కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. తర్వాత అనుమానం వచ్చింది. ఇంత బాగా చెప్పడంలో వెక్కిరింత ఏమైనా ఉందా?

మా పై వాటాలో ఒక బ్యాంకు మేనేజరు ఉన్నాడు. పొద్దున్నే బుసబుసమంటూ ఊపిరి పీలుస్తాడు, పైకప్పు అదిరేలా దూకుతాడు. అడిగితే "యోగా అండీ" అన్నాడు. "మనసులో పుట్టే అలల్ని అణచడం యోగం. మీరు నా మనసులో పుట్టిస్తున్నారు" అన్నాను. నవ్వి, నన్నూ చాప తెచ్చుకోమన్నాడు. పార్కులో ఒక రిటైర్డు జడ్జి కూర్చుంటాడు. నా మంచి కేసులన్నీ నిద్రలో విని పాడుచేసిన మనిషి. ఆయన పక్కా మీమాంసకుడు. న్యాయం జరిగిందా లేదా అన్నది ఆయనకి పట్టదు, విధి ప్రకారం కాగితం కదిలితే ఫలం దానంతట అదే వస్తుందని నమ్మకం. రోజూ ఆయన పక్కనే కూర్చుంటాను. తిట్టడానికి దగ్గరగా ఉండాలి కదా. మా అద్దింటి యజమాని స్మార్తుడు, శివుడు, విష్ణువు, అమ్మవారు, సూర్యుడు, గణపతి, ఐదుగురినీ ఒకే గోడకి కొట్టాడు. అద్దె పెంచేటప్పుడు ఐదుగురి మీదా ఒట్టు పెడతాడు.

సరే, నీ పక్షం. విను.

అద్దం తీస్తే ప్రతిబింబం ఏమవుతుందని నేను అడిగాను. ప్రశ్నే తప్పు. గోడకి అద్దం బయటి నుంచి తెచ్చి పెట్టారు కాబట్టి తీయవచ్చు. జీవుడికి బయటి అద్దం లేదు. దేవుణ్ణి పట్టే అద్దం వాడి స్వభావమే. అద్దమూ వాడే, అందులో పడిన రూపమూ వాడే. ఎవరు తీస్తారు? ఎక్కడికి తీస్తారు? కాబట్టి వాడు ఎప్పటికీ ఉంటాడు, ఎప్పటికీ ఆధారపడే ఉంటాడు, ఎప్పటికీ వేరుగానే ఉంటాడు. దేవుడు వేరు, నేను వేరు, నువ్వు వేరు, ఈ బల్ల వేరు, ఆ కుర్చీ వేరు. ఈ భేదం లోపం కాదు, లోకానికి ఉన్న సంపద. చేతులు జోడించేవాడికి ఎదురుగా ఎవరో ఉండాలి. తనకి తానే దండం పెట్టుకునేవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను, అతను మా న్యాయవాదుల సంఘం అధ్యక్షుడు. మోక్షంలో కూడా ఎవరి ఆనందం వారిదే. లేకపోతే ఆనందించింది ఎవరని రాయాలి?

ఇదే కదా ఆ రోజు నువ్వు చెప్పవలసింది? నీ తరఫున నేనే తయారుచేసుకోవలసి వచ్చింది.

అక్కకి చెప్పు, నా కోపాన్ని కొలిచే అర ఇంకా ఏ వడ్రంగీ చేయలేదని.

వేచి ఉన్న బావమరిది


మార్చి 5

ప్లీడరూ,

నీ ఉత్తరం చదివాక ఇద్దరం కవరు దులిపాం. మా అమ్మాయి కత్తెరతో చింపి విప్పదీసి కూడా చూసింది. మిగతా కాగితం లేదు. నా పక్షం అంత అందంగా చెప్పావు, ఖండన ఏది? తపాలా వాళ్ళు పోగొట్టారా? నువ్వు ఎదుటివాడి మాట చెప్పి ఊరుకునే మనిషివి కాదే!

అవును, నేననేది అదే, నాకంటే బాగా చెప్పావు. ఈ మాట మీ అక్క నా చేత మూడుసార్లు అనిపించింది, ఒకసారి నీకోసం, రెండుసార్లు తనకోసం.

ఇంకో సంగతి. నీ అక్షరాలు ఎడమకి వాలిపోతున్నాయి. నేను కళ్ళ దోషమేమో అనుకున్నాను. మీ అక్క ఒక్కసారి చూసి "కళ్ళు కాదు, చెయ్యి. వీడు ఎక్కడో పడ్డాడు" అంది. నీ పాత జూనియరుకి ఫోను చేసింది. మెట్ల మీద జారావట, మణికట్టుకి కట్టు కట్టారట, నువ్వు ఎవరికీ చెప్పవద్దని బెదిరించావట. ఇదేం పనిరా?  ఆ రోజు కొట్టులో ఒక పెద్దాయన చదివే కళ్ళజోడు అడిగితే మీ అక్క నల్లద్దాలు ఇచ్చి పంపింది.

వాదం మాట చెప్పనా? నేను పట్టకం గురించి రాశాక ఆలోచిస్తూనే ఉన్నాను. ఎంత తిప్పి చూసినా దీపం ఒకటే అనిపిస్తోంది. నీ పక్షంలో చెయ్యి దూర్చే సందు నాకు దొరకడం లేదు. నువ్వే గెలిచేలా ఉన్నావు.

మా అమ్మాయి కొత్త యంత్రం ఒకటి తెప్పించింది. గడ్డం ఆనిస్తే చాలు, కంటి నంబరు అదే చెప్తుంది. కింద చోటు లేక ప్రస్తుతానికి పైగదిలో పెట్టాం.

చెయ్యి జాగ్రత్త.

అద్దాల బావ


మార్చి 11

బావగారికి,

చూశారా, "గారు" అన్నాను, "మీరు" కూడా అంటున్నాను. పరాయివాళ్ళని అలాగే అనాలి.

నేను పడలేదు. మెట్టు పడింది. సిమెంటు ఊడిన ఆ మెట్టు గురించి ఇంటాయనకి ఐదుగురు దేవుళ్ళ ఎదుట చెప్పాను. జూనియరు సంగతి తర్వాత చూస్తాను. నా కుర్చీలో కూర్చుంది చాలక నా మణికట్టు మీద కూడా వకాల్తా పుచ్చుకుంది.

మిగతా కాగితం లేదు. పోలేదు. రాయలేదు. మీరు మాత్రం ఖండన రాశారా? నా పక్షం చెప్పి, పొగిడి, అందులో సందు లేదని చేతులెత్తేశారు. నలభై ఏళ్ళు వాదం చేసి బతికినవాణ్ణి. ఎదుటి పార్టీ ఎప్పుడు గట్టిగా నిలబడతాడో, ఎప్పుడు కావాలని జారిపోతాడో నాకు తెలుసు. షరతు ఏమిటి? మీరు ఓడితే నన్ను ఇక పిలవకూడదు. మీరు ఓడిపోవడానికి పరుగెత్తుతున్నారు. ఇంకో పక్క పైగదిలోకి యంత్రం చేరింది.

మర్యాదకి రమ్మన్నారు. నేను షరతు పెట్టేసరికి మీకు దారి దొరికింది. రావద్దని చెప్పడానికి ఇంత వేదాంతం అక్కర్లేదు బావగారూ, పోస్టుకార్డు చాలు. నేను ఆ అరల మీద ఏ పుస్తకం ఎక్కడ పెట్టాలో ఇక్కడ కూర్చుని ఆలోచించిన మాట నిజం. న్యాయం ఒక వైపు, వేదాంతం ఎదురుగా, మధ్యలో నా మంచం. ఆ ఆలోచన వెనక్కి తీసుకుంటున్నాను.

అక్కకి నమస్కారం. ఆవిణ్ణి ఇందులోకి లాగవద్దు.

న్యాయవాది, విశ్రాంత


మార్చి 19

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చిన గంటలో యంత్రం కిందికి దిగింది. మీ అక్క ఒక పక్క పట్టుకుంది, మోకాళ్ళ నొప్పి ఆ గంట ఎక్కడికి పోయిందో తెలియదు. ఇప్పుడది కొట్టు మధ్యలో ఉంది, కస్టమర్లు పక్కకి తిరిగి నడుస్తున్నారు.

నిన్ను వదిలించుకోవడానికి ఓడలేదురా. నిజంగానే ఓడాను.

ఇది ఎలా జరిగిందో చెప్తాను. ఈ ఊరు వచ్చాక కూడా గది పొట్టిదే దొరికింది, మళ్ళీ ఎదురుగోడకి అద్దమే పెట్టాను. రోజూ దాన్ని చూసినప్పుడల్లా నీ ప్రశ్న గుర్తొచ్చేది. నీ మాట అనడానికి ఇక్కడ నువ్వు లేవు. నువ్వు ఏమంటావో నేనే అనుకునేవాణ్ణి, తర్వాత నా బదులు చెప్పుకునేవాణ్ణి. పూర్వపక్షం సరిగ్గా ఉండాలి కదా, నీలాగే గొంతు పెంచి మరీ అనేవాణ్ణి. ఏళ్ళు గడిచేకొద్దీ నీ మాట బలంగా వచ్చేది, నా బదులు నీరసంగా వచ్చేది. ఒకరోజు నీ మాట అన్నాక బదులు చెప్పడం మరిచిపోయి అద్దం తుడిచి కొట్టు మూశాను.

ఇంకొకటి. మీ అక్కతో ఇన్నేళ్ళు కాపురం చేశాక, ఒక మాట నోట్లోంచి వస్తే అది నాదో ఆవిడదో నాకు తెలియడం లేదు. ఆవిడకి ఆకలేస్తే నేను కంచం పెట్టుకుంటాను. నాకు నిద్రొస్తే ఆవిడ దీపం ఆర్పుతుంది. ఇద్దరున్నారని నమ్మడం రోజురోజుకీ కష్టమవుతోంది. ఇలాంటి మనిషిని ద్వైతిగా ఉండమంటే ఎలా?

నువ్వు అడిగిన ఆ పాత సంగతి కూడా చెప్పేస్తాను, మీ అక్క చెప్పమంది. ఆ రోజు నా దగ్గర బదులుంది. నువ్వు మొన్న నా తరఫున రాశావే, జీవుడే అద్దం అని, సరిగ్గా అదే. పొద్దున్నే నీకు చెప్పి బయలుదేరాలనుకున్నాను. మీ అక్క అడ్డుపడింది. "చెప్పకండి. చెప్తే వాడు ఓడిపోతాడు. ఓడితే మళ్ళీ మన గుమ్మం తొక్కడు, వాడి సంగతి నాకు తెలుసు. ప్రశ్న అలా ఉండనివ్వండి. బదులు కోసమైనా మన వెనకే బండెక్కి వస్తాడు, చూడండి" అంది. నేను మెత్తగా తలూపాను. ఇక్కడికి వచ్చాక చాలాకాలం ఆవిడ పైగది ఊడ్పించి, మంచం మీద దుప్పటి మార్పించేది. బండి వచ్చే వేళకి గుమ్మంలో కూర్చునేది. నువ్వు రాలేదు. తర్వాత ఆ గదిలో పాత ఫ్రేములు పెట్టుకున్నాం.

ఇప్పుడు చెప్పు. నేను ఓడాను, కాబట్టి నిన్ను పిలవడానికి వీల్లేదు. మీ అక్క పక్కనే కూర్చుని "పిలవండి, పిలవండి" అంటోంది. మాట ఇచ్చాను, ఇంకోసారి తప్పను. పిలవడం లేదు. ఏం చేయాలో తోచడం లేదు.

ఓడిన బావ


మార్చి 27

బావా,

"మీరు" వెనక్కి తీసుకున్నాను. బదులు వచ్చాక అంటానన్నాను నిజమే. కానీ ఆ బదులు నువ్వు చెప్పలేదు, నేనే చెప్పుకున్నాను. కాబట్టి "నువ్వే".

తీర్పు రాస్తున్నాను. జడ్జిగారికి నీ ఉత్తరం పార్కులో చదివి వినిపించాను. మొదటిసారి ఆయన నిద్రపోలేదు.

నువ్వు నీ పక్షం వదిలి నా పక్షంలోకి వచ్చావు. నువ్వు చెప్పాక నేనూ దాచను, నేను కావాలని ఖండన మానలేదు, నా దగ్గర లేదు. నువ్వక్కడ గొంతు పెంచి నా మాట అనుకుంటే, నేనిక్కడ గొంతు తగ్గించి నీ మాట అనుకున్నాను, నీలాగే నెమ్మదిగా, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి. నీ మాట అంటుంటే గదిలో ఇంకొకరున్నట్టుండేది. నా మాట అంటే ఎవరూ లేనట్టుండేది. రెండోది లేని స్థితి ఎలా ఉంటుందని జనం పుస్తకాల్లో వెతుకుతారు. నేను పెళ్ళీ పెటాకులూ లేకుండా ఒంటిగదిలో నలభై ఏళ్ళు ఉండి చూశాను. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక గొంతు. వాదానికి దివ్యంగా ఉంటుంది, కాఫీ కలుపుకోవడానికి బాగుండదు. ఎదుట ఒకరుండాలి బావా. వాళ్ళు నాకంటే వేరుగా ఉండాలి. నా మాట కాదనాలి. కాదనేవాడు లేకపోతే నేనున్నానో లేదో నాకే తెలియదు.

కాబట్టి ఇంటినిండా మనుషులున్న నువ్వు అద్వైతివయ్యావు, ఎవరూ లేని నేను ద్వైతినయ్యాను. శాలువా కప్పుకున్న ఆయనకి ఈ సంగతి తెలిస్తే అన్ని దారులూ ఒకటేనని మళ్ళీ మొదలెడతాడు. కాదు. రెండు దారులూ వేరే. మనం మారాం, అవి మారలేదు.

ఇక నేను పుట్టిందీ పెరిగిందీ న్యాయశాస్త్రంలో కనుక, దాని ప్రకారం నిబంధన ఇది. వాదంలో తన ప్రతిజ్ఞని, అంటే నిరూపిస్తానని మొదట చెప్పిన మాటని, తానే వదులుకున్నవాడు ఓడినట్టే. నువ్వు వదిలావు. నేనూ వదిలాను. ఇద్దరం ఓడాం. జడ్జిగారు ఒప్పుకున్నారు.

నేను ఓడితే రావాలి. నువ్వు ఓడితే పిలవకూడదు. రెండూ అమలు చేయవచ్చు, ఒకదానికొకటి అడ్డం లేదు. కాబట్టి నువ్వు పిలవలేదు, నేను వస్తున్నాను. జీవితంలో మొదటిసారి ఎవరూ పిలవకుండా ఒక ఇంటికి వెళ్తున్నాను. నోరు జారి రమ్మన్నావంటే తీర్పు చెల్లదు, తిరుగు బండి ఎక్కేస్తాను, జాగ్రత్త.

పుస్తకాలు సగం కట్టాం. మేనేజరు వచ్చి పెట్టెలు దించుతున్నాడు, దూకుడు వల్ల భుజాలకి కొంత ప్రయోజనం ఉందని ఒప్పుకోక తప్పలేదు. జూనియరుని క్షమించాను, నా కుర్చీ తననే ఉంచుకోమన్నాను. ఇంటాయన మెట్టు బాగు చేయించాడు, నేను ఖాళీ చేస్తున్న వారంలో. జడ్జిగారు బెంచీ మీద జరిగి చోటిచ్చి "ఎవరితో పోట్లాడాలి ఇక?" అన్నాడు. నా కేసులు పాడుచేసినందుకు అదొక్కటే శిక్ష, సరిపోతుంది. యంత్రాన్ని ఇంకాస్త పక్కకి జరిపించు, నా మంచం మెట్లెక్కాలి. ఎదురుగోడ అద్దం మాత్రం తీయించకు. నువ్వు నా పక్షం, నేను నీ పక్షం, మొదటి నుంచీ మళ్ళీ మొదలెట్టాలి. ఈసారి నేను గెలుస్తాను, ఎందుకంటే నీ లోపాలన్నీ నాకు తెలుసు, అవి నిన్నటిదాకా నావే.

ఇక నింద ఒకటి మిగిలింది. బదులు దాచినందుకు నిన్ను నిందించను, నువ్వు తలూపావు, అంతే. తలూపడం తప్ప నీకేం చేతనైంది కనక. నన్ను నేను నిందించుకునే అలవాటు నాకు లేదు. కానీ పిల్లి పక్షమని చెప్పుకునే మనిషి ఏం చేయాలి? కూన మొండిది, ఎక్కడ పడేస్తే అక్కడే పడి ఉండేది. వెనక్కి వచ్చి మెడ పట్టుకుని ఎత్తుకుపోవాలి. అది మాని గుమ్మంలో కూర్చుని, కూనే పట్టుకుని వేళ్ళాడుతూ వస్తుందని ఎదురుచూసింది. అది పిల్లి పక్షమా? అది కోతి పక్షం. నోటితో ఒక సిద్ధాంతం, చేతలో ఇంకొకటి. నలభై ఏళ్ళు నా మెడ ఖాళీగా ఉంది. ఈ ఉత్తరం కూడా కొట్టులో, కుర్చీలో ఉన్నవాళ్ళు వినేలా తనే పైకి చదువుతోంది కాబట్టి, ఈ చివరి మాట కూడా తన గొంతుతోనే పైకి చదవాలి. జరిగినదానికంతటికీ నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్కరినే.

మా అక్కని.